పాటల అంగడి: ఏది అసలు మెట్టు?

(తిరుపతి గాంధీ రోడ్డులో 22 ఏళ్లు క్యాసెట్ల అంగడి నడిపిన మా కాలమిస్టు ఈ నెల పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు)

ప్రశ్న: మా ఇంట్లో 'నానాటి బతుకు' పాట మీద రోజూ గొడవే. మా అత్తగారికి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడిందే పాట. సంగీతం నేర్చుకునే మా అమ్మాయి వేరే రాగంలో ఎవరో పాడిన కచేరీ ఫోన్‌లో వినిపించి, ఇదే గొప్పది అంటుంది. నాకేమో మా ఊరి భజన గుడిలో పాడేదే బాగుంటుంది. వీటిలో ఏది అసలుది? రెండు పాటలు పక్కపక్కన పెట్టి తేల్చుకోవడం ఎలాగ?
– ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: అమ్మా, ఈ గొడవ మా అంగడి గల్లాపెట్టె ముందు ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. ముందు మీ అత్తగారి పక్షాన ఒక మాట. ఏ పాటైనా మొదట ఎవరి గొంతులో విన్నామో అదే మనకు అసలుదైపోతుంది. మనింట్లో నూరిందే ఊరుబిండి, పక్కింట్లో నూరింది ఏదో చట్నీ. అది ఆమె తప్పు కాదు, చెవి అలవాటు. నాకూ ఉంది ఆ జబ్బు.

ఇక 'అసలు' సంగతి. ఈ పాట రాసిన అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయారు. ఆయన పాటలు చెక్కిన రాగిరేకులు తిరుమల గుడిలో హుండీ ఎదుట ఉన్న చిన్న అరలో శతాబ్దాలు పడి ఉండి, 1920ల్లో వెలుగులోకి వచ్చాయి. 2,000కు పైగా రేకులు. వాటి మీద పాట ఉంది, పాట నెత్తిన రాగం పేరు ఉంది. ఏ స్వరాల్లో పాడాలో మాత్రం లేదు. అంటే ఆయన ఏ మెట్టులో (బాణీలో) పాడారో ఎవరూ వినలేదు, చూడలేదు. మనం వింటున్న మెట్లలో చాలా భాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు లాంటి పెద్దలు మన కాలంలో కట్టినవే. మీ అత్తగారు ప్రాణం పెట్టుకున్న రేవతి రాగం మెట్టు నేదునూరి వారిది. కాబట్టి ఏ మెట్టు అసలుది అని కొట్టుకోవడం దండగ. కానీ సాహిత్యానికి మాత్రం అసలు ఉంది. అది అచ్చులో ఉంది, తెచ్చుకుని పక్కన పెట్టుకోండి. కొందరు 'బదుకు' అంటారు, కొందరు 'బతుకు' అంటారు. మాట ఒకటే, రూపం పాతదీ కొత్తదీ. దానికి మార్కులు కోయకండి. మాట మింగేస్తే మాత్రం వదలకండి.

పాట మొత్తం వినొద్దు. ఆరు నిమిషాల పాట రెండుసార్లు వింటే రెండోది మొదలయ్యేసరికి మొదటిది మర్చిపోతాం. ఒకే ఒక్క లైను తీసుకోండి.

"పుట్టుటయు నిజము పోవుటయు నిజము
నట్టనడిమి పని నాటకము"

మొదట ఒకరిది, తర్వాత ఇంకొకరిది, మళ్లీ మొదటివారిది. అంతే. 'నట్టనడిమి' అనేది ఒకే మాట. 'నట్ట' దగ్గర ఊపిరి తీసుకుని, తర్వాత 'నడిమి' అని మొదలెట్టారా? అలాగైతే పాడేవారు స్వరం చూసుకున్నారు గానీ మాట చూసుకోలేదు. తర్వాత, 'నిజము' రెండుసార్లు వచ్చింది కదా. పుట్టడం దగ్గరి నిజమూ పోవడం దగ్గరి నిజమూ ఒకేలా పలికారా, రెండోది కాస్త బరువెక్కిందా? నాకు బరువెక్కితేనే ఇష్టం. మీ అమ్మాయి రెండూ ఒకేలా ఉండాలి, చావుపుట్టుకలు సమానమనే కదా అర్థం అనవచ్చు. ఆ వాదన వస్తే నేను కాఫీ తాగుతూ ఓడిపోతాను. అలాంటి గొడవ పడండి, బాగుంటుంది.

రేవతి రాగంలో 'గ' అనే గాంధారం లేదు, 'ద' అనే ధైవతం లేదు. ఉన్నవి ఐదు స్వరాలు, అందులో 'రి' అనే రిషభం మరీ కిందది. వేదం చదువుతున్నట్టు ఉంటుంది, అందుకే ఆ పాటలో వైరాగ్యం అంత పలికింది. కానీ దాన్ని భజన గుడిలో నలభైమంది ఒకేసారి పట్టుకోవాలంటే కష్టం. భజనలో ముందు ఒకరు అంటారు, వెనక అందరూ అందుకుంటారు, తాళాలు మోగుతుంటాయి, మధ్యలో ఎవరి పిల్లో ఏడుస్తుంటుంది. అక్కడ సంగతులు (ఒకే లైనును రకరకాలుగా తిప్పి పాడడం) తగ్గి మెట్టు నున్నగా అవ్వాల్సిందే. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతూ పాడేవాళ్లనే చూడండి, రెండు మాటలకోసారి ఊపిరి దొరికే మెట్టే వాళ్లకు మెట్టు. భజన పాటను కచేరీ తూకంరాళ్లతో తూచకండి. భజన పాటను భజన పాటతోనే పోల్చాలి. పక్క ఊరి గుడిలో ఎలా పాడుతున్నారో ఒక శనివారం వెళ్లి వినండి.

ఇప్పుడు నా అంగడి రహస్యం ఒకటి చెబుతాను. రెండు క్యాసెట్లు వినిపించేటప్పుడు ఏది అమ్మాలనుకుంటే దానికి వాల్యూమ్ రెండు గీతలు ఎక్కువ పెట్టేవాణ్ని. నూటికి తొంభైమంది అదే కొనేవాళ్లు. "దీంట్లో గొంతు స్పష్టంగా ఉందన్నా" అనేవాళ్లు. గొంతు కాదు, నా బొటనవేలు! మీ ఇంట్లో గొడవ తీర్చేముందు రెండింటి శబ్దం సమానంగా పెట్టండి. వీలైతే ఎవరిదో చెప్పకుండా మీ అమ్మాయి చేతే వేయించి, మీ అత్తగారిని వెనక్కి తిరిగి కూర్చోమనండి. పేరు వింటేనే కళ్లలో నీళ్లు పెట్టుకునేవాళ్లు ఉంటారు, పాట ఇంకా మొదలు కాలేదు అని కూడా చూసుకోరు.

ఇంతకంటే పెద్ద తప్పు ఒకటి నా చేతుల మీదుగానే జరిగింది. ఆ రోజుల్లో జనం ఖాళీ క్యాసెట్టు, పాటల చీటీ తెచ్చి ఇస్తే ఎల్పీ రికార్డుల నుంచి ఎక్కించి ఇచ్చేవాణ్ని. ఒకసారి డెక్కు రిపేరుకిస్తే మెకానిక్కు మోటారు వెనకున్న చిన్న స్క్రూ తిప్పినట్టున్నాడు, టేపు కాస్త వేగంగా తిరగడం మొదలైంది. నాకు తెలియలేదు. ఎందుకంటే ఎక్కించిన డెక్కులోనే వేసి చూసేవాణ్ని, పాట సరిగ్గానే వచ్చేది. ఇంటికి తీసుకెళ్లి మామూలు టేప్‌రికార్డర్‌లో వేస్తే మాత్రం నెమ్మదిగా, కింది శ్రుతిలో పలికేది. అరవై నిమిషాల క్యాసెట్టు ఒక వైపు ముప్పై నిమిషాలు రావాలి కదా. నా డెక్కులో ఇరవై ఎనిమిది దాటగానే టక్కున ఆగేది, చివరి పాట తెగేది. క్యాసెట్టు కంపెనీ మోసం అనుకుని నాలుగు నెలలు తిట్టుకుంటూ గడిపాను.

అసలు తమాషా ఏమిటంటే, ఆ నాలుగు నెలలూ నా అంగడికి పేరొచ్చింది. "నీ దగ్గర ఎక్కించిన పాటల్లో భక్తి ఎక్కువుందప్పా, మనసుకు ఎంత శాంతంగా ఉందో" అని ఒక పెద్దాయన మూడు క్యాసెట్లు రాయించుకుపోయాడు. నేనూ గల్లా దగ్గర కూర్చుని తలూపాను. చివరికి సంగీత కళాశాలలో చదివే ఒక అమ్మాయి శ్రుతిపెట్టె (పాడేవారికి ఆధార స్వరం పలికించే పెట్టె) చంకలో పెట్టుకుని వచ్చింది. "అంకుల్, ఎల్పీలో ఐదున్నర శ్రుతి. మీ క్యాసెట్టులో ఐదు. పాడినావిడ కిందికి దిగిందా, మీ మిషన్ దిగిందా?" అంది. కూర్చోబెట్టి రెండూ వినిపించింది. నూటికి ఆరు వంతులు వేగం మారితే అర శ్రుతి మారిపోతుందని ఆ రోజే నాకు తెలిసింది. ఆ భక్తి అంతా ఒక స్క్రూ మహిమ అని తేలాక, ఆ పెద్దాయనకు ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

అందుకే ఫోన్‌లో దొరికే పాత పాటలు పోల్చేటప్పుడు ముందు శ్రుతి చూడమని మీ అమ్మాయికి చెప్పండి. ఒకే కచేరీ రెండు చోట్ల రెండు శ్రుతుల్లో దొరికితే పాడినవాళ్లను కాదు, ఎక్కించినవాళ్లను అనుమానించాలి.

ప్రశ్న: మా తాతగారి 78 స్పీడు రికార్డులో ఒక పాటకు రెండే చరణాలు ఉన్నాయి. పుస్తకంలో మూడు. పైగా గబగబా పాడారు. ఇది తక్కువ రకం పాట అనుకోవాలా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: వద్దు సార్. పది అంగుళాల 78 రికార్డులో ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. అంతలో రాగం చూపించాలి, పల్లవి నిలబెట్టాలి, చరణాలు ముగించాలి. చరణం తీసేయడం, వేగం పెంచడం అప్పటివాళ్లకు తప్పని పని. ఆ మూడు నిమిషాల్లో ఏం ఉంచుకున్నారో చూడండి, ఏం వదిలేశారో తర్వాత లెక్కేద్దాం. రికార్డు మాత్రం నిలువుగా పెట్టండి, ఒకదానిమీద ఒకటి పేర్చకండి. మన ఎండకు వంకర తిరుగుతాయి.

ప్రశ్న: మా స్కూల్లో పాటల పోటీకి నన్ను జడ్జిగా పెట్టారు. పద్నాలుగు మంది పిల్లలు, అందరికీ ఒకే కీర్తన. సంగీతం వినడమే గానీ నేర్చుకోలేదు. టెన్షన్‌గా ఉంది.
– ఒక టీచరమ్మ, చంద్రగిరి

జవాబు: నన్నూ ఒకసారి ఇలాగే పిలిచారు తల్లీ. మొదటి పాపకు సంతోషంతో పదికి తొమ్మిది వేశాను. తర్వాత అంతకంటే బాగా పాడే పిల్లలు నలుగురు వచ్చారు. నా దగ్గర మిగిలింది ఒక్క మార్కు! కాబట్టి మొదటి ముగ్గురికీ కాగితం మీద ఒక్కో మాట మాత్రం రాసుకోండి. 'శ్రుతి జారింది', 'మాట తేట', ఇలాంటివి. మార్కులు తర్వాత.

పద్నాలుగు మందిలో పదిమందైనా ఫోన్‌లో ఒకే గొంతు విని నేర్చుకుని ఉంటారు. నేను జడ్జిగా కూర్చున్న రోజు ఒక బాబు చరణానికీ చరణానికీ మధ్య వేణువు బిట్టు కూడా 'తనన తనన' అని నోటితో వాయించాడు. హాలంతా నవ్వింది. నాకైతే వాడి చెవి చూసి ముచ్చటేసింది, శ్రుతి ఒక్క వెంట్రుక తేడా లేదు. కాపీ కొట్టాడని ఒక మార్కు కోశాను, ఆ వేణువుకు ఒక మార్కు కలిపాను.

పెన్ను వద్దు. పెన్సిలు, రబ్బరు తీసుకెళ్లండి.