కార్ మీద ఇంకో 14,000 పెట్టే ముందు, బ్యాంకులో ఎన్ని నెలలకి సరిపడా ఉంది?

టెక్సస్ ఫ్రిస్కో నుంచి ఒకాయన రాశారు. హెచ్1బి మీద ఉన్నారు, భార్యది హెచ్4, ఆవిడకి ఉద్యోగం లేదు, మూడేళ్ళ పాప. 2024లో జపాన్ నుంచి ఇంపోర్ట్ అయిన 1999 నిస్సాన్ సిల్వియా ఎస్15 కొన్నారు. 34,000 డాలర్లు, అందులో 28,000 పర్సనల్ లోన్, 13 శాతం వడ్డీ, ఐదేళ్ళు. ఏడాది కట్టారు, ఇప్పుడు కాలిఫోర్నియా శాన్ హోజేలో జాబ్ వచ్చింది, వచ్చే నెల మారుతున్నారు. అక్కడ ఆ కార్ రిజిస్టర్ చేయించడానికి ఎమిషన్స్ (పొగ పరీక్ష) ల్యాబ్ వాళ్ళు 14,000 దాకా అవుతుందన్నారట. "401కె (రిటైర్మెంట్ సేవింగ్స్) మీద లోన్ తీసుకోనా, లేక ఊళ్ళో అమ్మ బంగారం తాకట్టు పెట్టమని నాన్నకి చెప్పనా, ఏది చవక?" అని అడిగారు. సేవింగ్స్ 9,000, నెల ఖర్చు అక్కడ 7,200 అవుతుందని ఆయనే లెక్కేశారు.

రెండూ వద్దండి. ఏది చవక అనే ప్రశ్నే తప్పు. మీ దగ్గరున్న 9,000 ముప్పై ఎనిమిది రోజుల ఖర్చు, అంతే. ఉద్యోగం పోతే హెచ్1బి వాళ్ళకి దొరికే టైమ్ 60 రోజులు, ఐ-94 (దేశంలో ఉండనిచ్చే గడువు కాగితం) డేట్ అంతకంటే ముందుంటే అప్పటిదాకానే. అంటే వీసా గడువు కంటే ముందే మీ డబ్బు అయిపోతుంది. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌ని ఉద్యోగం పోయాక కూడా కోబ్రా అనే చట్టం కింద కంటిన్యూ చేస్తే కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి, పైన 2 శాతం దాకా వేస్తారు. పాప ఉన్న ఇంట్లో అది ఆపలేం. సింగిల్ ఇన్కమ్ మీద, వీసా మీద ఉన్నవాళ్ళకి నేను ఆరు నెలలు కాదు ఎనిమిది నెలల ఖర్చు పక్కన పెట్టమంటా, మీ లెక్కలో అది 57,600. మీరున్నది 9,000 దగ్గర, ఆలోచిస్తున్నది సైలెన్సర్ గురించి.

మీ కేసు ఇక్కడ రాయడానికి కారణం, ఈ పొరపాటు మనవాళ్ళు చాలామంది చేస్తున్నారు. 25 ఏళ్ళు దాటితే ఇంపోర్ట్ లీగల్ అని ఒక ముక్క విని కొనేస్తారు. ఆ 25 ఏళ్ళు సేఫ్టీ రూల్స్‌కి, ఫెడరల్ ఎమిషన్స్‌కి 21 ఏళ్ళు, కాలిఫోర్నియా లెక్క వేరే. డల్లాస్ చుట్టుపక్కల కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ 2 నుంచి 24 ఏళ్ళ బండ్లకే, మీది 25 దాటింది కాబట్టి ఎవరూ అడగలేదు. కాలిఫోర్నియాలో పెట్రోల్ బండికి మినహాయింపు 1975 మోడల్ దాకానే. పైగా డైరెక్ట్ ఇంపోర్ట్ అయితే మామూలు స్మాగ్ (పొగ టెస్ట్) షాపులో పనికాదు, స్టేట్ లైసెన్స్ ఉన్న ల్యాబ్‌లో మార్పులు చేయించి టెస్ట్ పాస్ అవ్వాలి, తర్వాత స్టేట్ స్మాగ్ రెఫరీ చూడాలి, అప్పుడు డీఎంవీలో (అక్కడి ఆర్టీఓ లాంటిది) రిజిస్ట్రేషన్.

మీరు కార్ కింద ఫోన్ పెట్టి తీసిన వీడియో రెండుసార్లు చూశా. క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్, పొగలో విషవాయువుల్ని తగ్గించే డబ్బా) ఉండాల్సిన చోట రెండు ఫ్లాంజ్‌ల (బోల్టులు బిగించే అంచుల) మధ్య నున్నటి పైపు ఉంది, బోల్టులు మాత్రం కొత్తవి, ఆక్సిజన్ సెన్సర్ వైర్ జిప్ టైతో పక్కకి కట్టేసుంది. ముందు ఓనరు ఎవరో పీకేశారు. టెస్ట్ లేకపోయినా అది పీకడం తప్పే. "కొత్త క్యాట్ కొని పెడితే పాస్ అవుతుంది కదా" అన్నారు, అవ్వదండి, కాలిఫోర్నియాలో ఆ డబ్బా మీద స్టేట్ ఆమోదించిన నంబర్ ఉండాలి, అది మీ మోడల్‌కి ఆమోదం పొందినదై ఉండాలి, ఎస్15ని నిస్సాన్ అమెరికాలో అసలు అమ్మలేదు. ల్యాబ్ టెస్ట్ కూడా తేలిగ్గా ఉండదు, కనీసం 12 గంటలు కార్ చల్లారబెట్టి ఆ చల్లటి ఇంజన్నే రోలర్ల మీద స్టార్ట్ చేస్తారు. క్యాట్ లోపలి తేనెపట్టు లాంటి దిమ్మ మూడొందల డిగ్రీల దాకా వేడెక్కితేగానీ సరిగ్గా పని మొదలుపెట్టదు, మీ బండిలో క్యాట్ కంటే ముందు టర్బో ఉంది, వేడి కొంత అదే లాగేస్తుంది. ఒకసారి ఫెయిలైతే మళ్ళీ ట్యూనింగ్, మళ్ళీ టెస్ట్, మళ్ళీ బిల్లు. 14,000 అనేది మొదలు మాత్రమే.

ఇక ఆ 401కె లోన్. ఉద్యోగం పోయిందంటే మిగిలిన బాకీ ఆ ఏడాది ట్యాక్స్ ఫైలింగ్ గడువు లోపల సర్దాలి, లేదంటే అది విత్‌డ్రాయల్ కింద లెక్క, ఇన్కమ్ ట్యాక్స్ కాకుండా ఫెడరల్ పెనాల్టీ 10 శాతం, కాలిఫోర్నియా ఇంకో 2.5 శాతం. 14,000 మీద పెనాల్టీలే 1,750. జీతం ఆగడం చాలదన్నట్టు ఇది కూడా మీద పడుతుంది! అమ్మ బంగారం మాట ఇంకోసారి ఎత్తకండి. ఆవిడ దాచుకున్నది మీ ఎగ్జాస్ట్ పైపు కోసం కాదు.

కాలిఫోర్నియా రూల్స్ తప్పించుకోవడానికి బండిని మోంటానా రాష్ట్రంలో ఒక ఎల్ఎల్‌సీ (కాగితం మీది చిన్న కంపెనీ) పేరు మీద పెట్టుకోమని ఎవరో చెప్పారన్నారు, వద్దు. టెక్సస్ నంబర్‌తోనే కాలిఫోర్నియాలో నడిపితే? అక్కడ నివాసం మొదలైన 20 రోజుల్లో రిజిస్టర్ చేయాలి, పైగా బండి ఉండే అడ్రస్ తప్పు చెబితే రేపు యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ ఆపేయొచ్చు. ఫ్రిస్కోలో ఫ్రెండ్ గరాజ్‌లో ఉంచితే ఈఎంఐ 637 ఆగదు.

అమ్మేయండి, అది కూడా ఫ్రిస్కోలో ఉండగానే. అక్కడ కొనేవాళ్ళున్నారు, రూలూ అడ్డం లేదు. క్యాట్ మళ్ళీ పెట్టించి, ఏం మార్చారో కొనేవాళ్ళకి దాచకుండా చెప్పి అమ్మండి. 31,000 వచ్చినా మిగిలిన బాకీ 23,700 పోగా ఏడు వేల పైన చేతికొస్తుంది, సేవింగ్స్‌తో కలిపి 16,000 దాటుతుంది, ఆ 637 ప్రతి నెలా అదే అకౌంట్లోకి. మీది పర్సనల్ లోన్ కాబట్టి టైటిల్ మీ దగ్గరే ఉంది, బ్యాంకుని అడగక్కర్లేదు, ఈ శనివారమే ఫొటోలు తీసి యాడ్ పెట్టండి.