ఒక్క పద్యం పట్టుకో

చి. బుజ్జికి అమ్మమ్మ ఆశీర్వదించి రాసేది.

దీపం పెట్టినా మనసు నిలవడం లేదనీ, దేవుడు ఉన్నాడో లేడో అన్న అనుమానంతో పూజ చేస్తుంటే నటిస్తున్నట్టు ఉందనీ రాశావు. పొద్దున్నే నువ్వు పంపే మంచి మాటల ఫోటోలూ చూస్తున్నాను. వివేకానందుడి బొమ్మ కింద ఉన్నవన్నీ ఆయన మాటలేనని మాత్రం నమ్మకు. అయినా సాయంత్రానికి అందులో ఒక్కటైనా నీకు గుర్తుంటోందా? పోగెయ్యడం ఆపి, ఒక్కటి పట్టుకో.

నేనైతే పోతన గారి గజేంద్ర మోక్షంతో మొదలుపెట్టమంటాను.

కలడందురు దీనులయెడ
గలడందురు పరమయోగి గణముల పాలం
గలడందు రన్ని దిశలను
గలడు గలండనెడివాడు గలడో లేడో

మొసలి కాలు పట్టి లాగుతోంది, ఒంట్లో బలం లేదు. అప్పుడు కూడా ఏనుగు "ఉన్నాడంటారు" అందే గానీ "ఉన్నాడు" అనలేదు. తర్వాత "లావొక్కింతయు లేదు" అంటూ ఉన్నదంతా వదిలేసి, నీవు తప్ప వేరే దిక్కు తెలియదంటుంది. ఇక అనుమానం తీరిందనుకుంటాం. ఆ వెంటనే వచ్చే పద్యం చదువు. శరణన్నవాళ్లు పిలిస్తే ఓ అంటావట, అన్నీ చూస్తావట అని చెప్పి, "సందేహమయ్యె కరుణావార్ధీ" (దయాసముద్రుడా, అనుమానం వస్తోంది) అంటుంది. శరణు అన్నాక కూడా సందేహమే! ఆ సందేహాన్నీ ఆయనకే చెప్పుకుంది. ఆ పిలుపుకే విష్ణువు లక్ష్మీదేవికి చెప్పకుండా, శంఖచక్రాలైనా చేత పట్టకుండా బయల్దేరాడు. నీ అనుమానం నీ పూజకు అడ్డమని ఎవరన్నారమ్మా?

మీ తాతయ్యకు ఆపరేషన్ జరిగిన రాత్రి ఆస్పత్రి వరండాలో నేను అనుకుంటూ కూర్చున్నది "కలడందురు" అనే ఈ కంద పద్యమే. టెన్షన్ తగ్గిందని చెప్పను, చేతులు వణుకుతూనే ఉన్నాయి. కానీ పక్క బెంచీ మీద ఒంటరిగా ఏడుస్తున్న పిల్లకు ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చి, తన పక్కన కూర్చోగలిగాను. పద్యం నాకు చేసిన మేలు అది. చాలా పెద్ద మేలు.

ఫోన్లో చూసి చదవకు. నీ చేత్తో కాగితం మీద రాసి పొయ్యి పక్క గోడకు అంటించు. పాలు కాగేదాకా ఎలాగూ అక్కడే నిలబడాలి కదా, పైకే చదువు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం "ల" వస్తుంది. ఆ తూగు దొరికితే నోటికి రావడం ఎంతసేపు!

నోటికొచ్చింది పనిలోకి దిగాలి. అన్నమయ్య "నిండార రాజు నిద్రించు నిద్రయు నొకటే, అండనే బంటు నిద్ర అదియు నొకటే" అన్నాడు. అది రాగం తీసి పాడి, రాత్రంతా డ్యూటీ చేసిన వాచ్‌మన్ కునుకు తీస్తే కసురుకున్నామంటే, ఆ పాట మనకు ఎక్కనట్టే. నీకు నచ్చిన ఏ మాటనైనా అలాగే చూసుకో. ఇంట్లో వాళ్లతో, పనిమనిషితో, ఆఫీసులో నీ కింద పనిచేసేవాళ్లతో నువ్వు మాట్లాడే తీరు దానివల్ల కాస్తైనా మారిందా? మారకపోతే ఇంకోటి వెతుక్కోకు, అదే మళ్లీ చదువు.

మనసు నిలవకపోయినా దీపం మానకు. ఈ కందం వచ్చాక, ఇందాక చెప్పిన ఆ సందేహం పద్యం "వినుదట జీవుల మాటలు" మొదలుపెట్టు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు నాకు అప్పజెప్పు, తప్పులుంటే దిద్దుతాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ