మడత వేరు, ముడత వేరు

"మడత అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయి? కోర్టు గొడవల్లో మడతపేచీ అంటారెందుకు?" అని అడిగారు. అర్థాలు నిఘంటువులో దొరుకుతాయి. ఒక్క మడత వల్ల మా ఇంట్లో మూడేళ్లు నిద్ర లేదు, అది చెబుతాను.

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. తాతగారు కొన్న ఎనభై సెంట్ల పల్లం దస్తావేజును నాలుగు మడతలు పెట్టి, ట్రంకుపెట్టెలో పొందూరు పంచెల కింద దాచారు. పంచెలకు కలరా ఉండలు వేశారు గానీ కాగితాన్ని పట్టించుకోలేదు. గట్టు తగాదా వచ్చి తీసి చూస్తే, మడత సరిగ్గా సర్వే నంబరు మీదుగా పోయింది. మధ్య అంకె అరిగిపోయింది. మూడా, ఎనిమిదా? అవతలి ప్లీడరు వెలుతురుకి పట్టి చూసి, "ఆ భూమి ఇది కాదు" అనేశాడు. మడతపేచీ అంటే అక్షరాలా ఇదే. ఆ మాట పుట్టుక గురించి పండితులు ఇంకేం చెప్పినా నేను నమ్మను.

చివరికి గట్టెక్కించింది సర్టిఫైడ్ కాపీ. రిజిస్టరైన దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ కింద తీసుకున్న కాపీతో అసలులో ఏముందో రుజువు చేయొచ్చు. ఈ ముక్క మా ప్లీడరు మూడో ఏడు చెప్పాడు. వాయిదా ఫీజు మాత్రం మొదటి రోజు నుంచే. అన్నట్టు, పాత దస్తావేజులకు లామినేషన్ చేయించకండి, ఒకసారి అతుక్కుంటే ఊడదీయలేరు.

ఇక పొలంలో ఉండేది ముడత. మనిషి పెడితే మడత, దానంతటది వస్తే ముడత. మిరపలో తామర పురుగు పడితే ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి పడితే కిందికి. పైముడతో కిందిముడతో మా నాన్న గట్టు మీద నుంచే చెప్పేస్తాడు. మందుల కొట్టువాడు రెండింటికీ ఒకే డబ్బా ఇస్తాడు.

వరిలో ఆకుముడత పురుగు దగ్గరే నా సూత్రం పనిచేయదు. అది ఆకును నిలువునా మడిచి, అంచులు దారంతో కుట్టి, లోపల కూర్చుని పచ్చదనం గీకి తింటుంది. బయటికి తెల్ల చారలే కనిపిస్తాయి. కేసు నడిచే రోజుల్లో ఆ ఎనభై సెంట్లలోనే నాన్న అలాంటి ఆకొకటి విప్పి, లోపలి పురుగును నాకు చూపించాడు.

"ఏటిరా, ఇదీ ప్లీడరీ సదివినట్టుంది" అన్నాడు.