వాన వెలిశాక: ఫ్రేజా, క్లాజా?

ప్రశ్న: ‘ఆఫ్టర్ ద రెయిన్’ ఫ్రేజ్ అనీ, ‘ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్’ క్లాజ్ అనీ మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో ఉంది. అర్థం దాదాపు ఒకటే కదా, ఈ తేడా ఎందుకు?

జవాబు: ఆ రెండింటినీ వేరు చేసేది నిర్మాణం. మొదటిదానిలో ‘ఆఫ్టర్’ తరువాత నామపదం మాత్రమే ఉంది. రెండవదానిలో ‘రెయిన్’ అనే కర్తకు, కాలాన్ని తెలిపే ‘స్టాప్డ్’ అనే క్రియ తోడైంది. ఆ జత ఉన్న పదసమూహాన్ని బడి వ్యాకరణం క్లాజ్ అంటుంది, లేనిదాన్ని ఫ్రేజ్ అంటుంది. అయితే ఈ క్లాజ్ ఒంటరిగా వాక్యం కాలేదు. ‘వుయ్ వెంట్ అవుట్’ వంటి ప్రధాన క్లాజ్ దానికి ఆధారంగా ఉండాలి.

మన పిల్లల తడబాటుకు మూలం తెలుగు స్వభావంలోనే ఉందని నా అభిప్రాయం. ఇంగ్లీషు కాలసూచక క్రియతో చెప్పే అనేక విషయాలను మనం ‘వెలిశాక’, ‘వచ్చి’, ‘వచ్చిన’ వంటి అసమాపక రూపాలతో చెబుతాం. ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అనడానికి ఇంగ్లీషులో ‘ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే’ అని పూర్తి క్లాజ్ కావాలి, అదీ నామపదం తరువాత రావాలి. అందువల్ల తెలుగు వరుసలోనే అనువదించబోయే విద్యార్థి ‘యెస్టర్‌డే కేమ్ బాయ్’ అని రాస్తే, దాన్ని అశ్రద్ధగా భావించి దండించకండి. తెలుగు వరుసనూ, సరైన ఇంగ్లీషు వరుసనూ పక్కపక్కన రాసి చూపించండి.

ఇంకొక చిక్కు ఉంది. ‘సీయింగ్ ద స్నేక్, హి రాన్’ అన్నప్పుడు మొదటి భాగాన్ని బడి పుస్తకాలు ఫ్రేజ్ అంటే, ఆధునిక వ్యాకరణాలు అనేకం నాన్‌ఫైనైట్ క్లాజ్ (కాలాన్ని తెలపని క్రియ ఉన్న క్లాజ్) అంటాయి. పరీక్షకు మాత్రం పాఠ్యపుస్తకం పద్ధతినే పాటించమని మీ అమ్మాయికి చెప్పండి.