సుబేదారు గారి జాబులు: జీతం గవర్నమెంటుది, మరి ప్రమాణం ఎవరికి?

(పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ ఆర్టిలరీ సుబేదారు జవాబులు)

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. అగ్నివీర్ రాత పరీక్ష పాసయ్యాను. ర్యాలీలో పెట్టే పరుగు పరీక్ష కోసం తెల్లారగట్ల ఏటిగట్టు మీద పరుగు తీస్తున్నాను. సైన్యంలోకి నాలుగేళ్ళకే తీసుకునే ఈ పద్ధతి నాకు నచ్చదు, ఫోన్‌లో నాలుగు ముక్కలు రాశాను కూడా. అది పట్టుకుని మా బాబాయి "నిన్న తిట్టిన గవర్నమెంటుకి రేపు ఊడిగం చేస్తావా? నేతాజీ వెంట నడిచిన సిపాయిలు సర్కారుని ఎదిరించారు, తెలుసా?" అంటున్నాడు. మా తాతయ్యేమో "గవర్నమెంటు ఉప్పు తినేవాడు గవర్నమెంటుని అనకూడదు" అంటాడు. ఎవరి మాట వినాలండి?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: ముందు తాతగారి ఉప్పు సంగతి చూద్దాం అబ్బాయ్. మీ బాబాయి రొయ్యల చెరువు దగ్గర ఇంజనుకి డీజిల్ పోయిస్తాడు చూడు, అందులో పన్నుంటుంది. అలాంటి డబ్బులోంచే పార్లమెంటు ఏటా ఓటేసి మిలటరీకి ఇస్తుంది. ఆ ఉప్పులో మీ తాతగారి వాటా కూడా ఉంది, వెళ్ళి చెప్పు.

ఇక ప్రమాణం. నేను 1987లో చేరాను, ట్రైనింగు హైదరాబాద్ ఆర్టిలరీ సెంటర్లో. మా ఆర్టిలరీకి వేరే జెండా ఉండదు, గన్నే మా జెండా. దాని ముందే కసమ్ తింటాం. రాజ్యాంగానికి విశ్వాసంగా ఉంటాననీ, భూమ్మీదైనా సముద్రం మీదైనా గాలిలోనైనా పంపిన చోటికి వెళ్తాననీ, రాష్ట్రపతి ఆజ్ఞలూ పైఅధికారుల ఆజ్ఞలూ ప్రాణం మీదికొచ్చినా పాటిస్తాననీ అంటాం. ప్రధానమంత్రి పేరు అందులో ఉండదు, పార్టీ పేరు అసలే ఉండదు. అయితే రాష్ట్రపతి నడిచేది మంత్రివర్గం సలహా మీదే. కాబట్టి నువ్వు ఓటెయ్యని వాళ్ళ నిర్ణయం కూడా నీ దాకా ఆర్డరుగా వస్తుంది, నువ్వు పాటిస్తావు. అది ఊడిగం అనుకునేటట్టయితే ర్యాలీకి వెళ్ళకు. నేననుకోలేదు.

ఎందుకనుకోలేదో చెప్తాను. నేను చేరిన ఏడాదే, స్వీడన్ నుంచి కొన్న బోఫోర్స్ తోపుల గొడవ లేచింది. స్వీడన్ రేడియో లంచాల సంగతి బయటపెట్టింది, 1989 ఎన్నికల్లో రాజీవ్ గాంధీ గవర్నమెంటు పడిపోవడానికి అదీ ఒక కారణమైంది. సెలవుకొస్తే టీ కొట్టు దగ్గర "ఏవండోయ్, ఆ దొంగ తోపు మీరే పేలుస్తారా?" అని వేళాకోళం చేసేవారు. తోపు ఏం దొంగతనం చేసిందండీ! లంచం ఎవరు తిన్నారో తేల్చడం కోర్టుల పని, గుండు ఎక్కడ పడాలో చూసుకోవడం మా పని. 1996 మే నుంచి 1998 మార్చి లోపల వాజపేయి, దేవెగౌడ, గుజ్రాల్, మళ్ళీ వాజపేయి, ఇన్ని ప్రమాణ స్వీకారాలయ్యాయి. మా బ్యాటరీలో, అంటే మా గన్నుల దళంలో, పొద్దున్న పీటీ టైము మారలేదు.

తర్వాత 1999. ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజపేయి గవర్నమెంటు ఒక్క ఓటుతో ఓడింది, 269 అటు, 270 ఇటు. సభ రద్దయింది. మే నెలలో కార్గిల్ మొదలైంది. అంటే మనం ఆ యుద్ధం మొత్తం సభలో నెగ్గలేకపోయిన ఆపద్ధర్మ గవర్నమెంటు కింద చేశాం. ద్రాస్ దగ్గర నేను ఒక బోఫోర్స్ డిటాచ్‌మెంటుకి నంబర్ వన్‌ని, అంటే ఆ గన్ను జట్టుకి పెద్దని. గుండొకటి 43 కిలోల పైమాటే, ఆ ఎత్తులో రెండు మోసేసరికి గుండెలు అదిరిపోతాయి. చెవుల్లో దూది, గడ్డం నిండా మందు మసి. రేడియోలో ఢిల్లీ వార్తలు విని ఒక హర్యానా కుర్రాడు "ఉస్తాద్, సర్కార్ తో గిర్ గయీ, ఆర్డర్ కిస్‌కా హై?" (గవర్నమెంటు పడిపోయిందిగా, మరి ఆర్డరు ఎవరిది?) అన్నాడు. మా హవల్దార్ మేజర్ తలెత్తకుండానే "గోలా ఉఠా" (గుండు ఎత్తు) అన్నాడు. మా ఊళ్ళో అందరూ దొంగ అన్న ఆ గన్నే కొండల మీద బంకర్లు పగలగొట్టింది. జులై 26కి పని ముగిసింది, సెప్టెంబరు, అక్టోబరుల్లో జనం తీరిగ్గా ఓట్లేసుకున్నారు.

సరిగ్గా ఆ అక్టోబరులోనే, 12వ తేదీన, అవతలి పాకిస్తాన్ సైన్యం తన ప్రధానమంత్రిని దింపేసి దేశాన్ని చేతిలోకి తీసుకుంది. అక్కడ 1958లోనూ అదే, 1977లోనూ అదే. ఈ గవర్నమెంటు దేశానికి పనికిరాదు అని తుపాకీ ఉన్నవాడు తీర్పు చెప్పడం మొదలెడితే జరిగేదది. మన కాలవ మీద లస్కరుని చూడు. గేజి చూసి షట్టరు ఎత్తాలిగానీ, ఎవరి గట్టు మీద ఏ జెండా ఉందో చూసి నీళ్ళొదిలితే శివారు చేలు ఏమైపోతాయి? గవర్నమెంటు మీద ఎంత కోపమున్నా అతను ఓటు దగ్గరే తీర్చుకోవాలి.

మీ బాబాయి నేతాజీ మాట తీసుకొచ్చాడు, బాగానే ఉంది. 1945లో ఎర్రకోటలో నేతాజీ ఫౌజు అధికారులు షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌ల మీద మోపిన నేరం ఏమిటో అడుగు: చక్రవర్తి మీద యుద్ధం చేయడం. వాళ్ళు ప్రమాణం చేసింది లండన్‌లో ఉన్న రాజుకి. ఆ రాజుని ఓటుతో దించే దారి ఈ దేశంలో ఎవరికీ లేదు. మనకుంది. ఆ తేడా మర్చిపోయి పోలిక తెస్తే ఆ ముగ్గురికీ అన్యాయం చేసినట్టే.

అలాగని ఏ ఆర్డరైనా కళ్ళు మూసుకుని చెయ్యమని చట్టం చెప్పదు. ఆర్మీ యాక్టు 41వ సెక్షన్ శిక్ష వేసేది చట్టబద్ధమైన ఆజ్ఞని ధిక్కరించినవాడికి. 1930 ఏప్రిల్ 23న పెషావరులో నిరాయుధుల మీద కాల్చమంటే బ్రిటిష్ వాళ్ళ సైన్యంలో ఉన్న చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన జవాన్లూ కాల్చలేదు. తుపాకీ తిప్పి అధికారుల మీద పెట్టనూ లేదు. కోర్టు మార్షల్ ఎదుర్కొని జైలుకెళ్ళారు. అలాంటి రోజు నా సర్వీసులో రాలేదు, నీకూ రాకూడదు.

నాలుగేళ్ళ పద్ధతి గురించి నా మాట కూడా విను. నలుగురిలో ఒక్కణ్ణే ఉంచుకుని మిగతావాళ్ళని పంపేస్తే, గన్ను మీద చెయ్యి కుదిరే వేళకి కుర్రాడు ఇంటికొచ్చేస్తాడు. నాకది నచ్చలేదు, ఇదిగో అచ్చులో అంటున్నాను. 2015లో ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ కోసం జంతర్ మంతర్ దగ్గర పాత ఫౌజీలు కూర్చుంటే నేనూ వెళ్ళాను. దేశభక్తి ఏమీ తరగలేదు. కానీ ఇవన్నీ యూనిఫాం విప్పాక. నువ్వు సంతకం పెట్టిన రోజు నుంచి మీటింగులు, పార్టీలు, పేపరుకి రాయడాలు బంద్. మిగతావారికున్న హక్కుల్లో కొన్నిటికి సైనికుల విషయంలో కోత పెట్టొచ్చని రాజ్యాంగం 33వ అధికరణమే చెప్పింది. 2020లో జవాన్లని 89 యాప్‌లు తీసేయమన్నారు, ఫేస్‌బుక్కుతో సహా! ఆ నాలుగు ముక్కలూ ఇప్పుడే రాసుకున్నావు, మంచిదే.

ప్రశ్న: మా పక్కింటి మాజీ జవాను గారు పతకాలు పెట్టుకుని ఎన్నికల ప్రచారంలో తిరిగారండి. తప్పు కాదా?
– పాలకొల్లు

జవాబు: రిటైరయ్యాక ప్రచారం చెయ్యొచ్చు, పోటీ కూడా చెయ్యొచ్చు. పతకాలు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళాల్సింది. అవి ఏ పార్టీ ఇచ్చినవీ కావు. సైనికుల ఫొటోలు ప్రచారంలో వాడొద్దని ఎన్నికల సంఘం 2019లో పార్టీలకి గట్టిగానే చెప్పింది. ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి మెల్లిగా చెప్పండి, వీధిలో అనకండి.

ప్రశ్న: మా అబ్బాయి కాశ్మీరులో ఉన్నాడండి. ఓటు పోయినట్టేనా?
– ఒక తల్లి, ఆకివీడు

జవాబు: ఎందుకు పోతుందమ్మా! యూనిట్లో ఫారం 2 నింపితే మీ ఊరి నియోజకవర్గంలోనే సర్వీసు ఓటరుగా పేరుంటుంది. బ్యాలెట్ కంప్యూటర్లో వస్తుంది, ప్రింటు తీసి ఓటేసి పోస్టులో పంపాలి. లెక్కింపు రోజు పొద్దున్న 8 గంటల లోపు చేరాలి, కాబట్టి ఆలస్యం చెయ్యొద్దనండి. అలా కాకపోతే ఊళ్ళో ఉన్న మీరే అతని తరఫున వెయ్యడానికి కూడా ఏర్పాటుంది, ముందుగా రాసివ్వాలి. అప్పుడు మాత్రం మీకు నచ్చిన గుర్తుకి కాదమ్మా, వాడు చెప్పిన గుర్తుకే.