సొంత బోటు కొన్నాక కోస్ట్ గార్డ్ వాళ్లు ఆపితే: రెండు తనిఖీల అనుభవం

ప్రశ్న: హ్యూస్టన్ దగ్గర ఉంటాం. ఈమధ్యే ఒక సెకండ్ హ్యాండ్ బోటు కొన్నాను. ఏ అనుమానమూ లేకపోయినా కోస్ట్ గార్డ్ వాళ్లు ఆపి, బోటెక్కి చూస్తారని మరీనాలో అందరూ అంటున్నారు. వద్దనొచ్చా? ఇది నిజంగా భద్రత కోసమేనా, లేక వేధింపా?

వద్దనకూడదండి. వాళ్లకి వారెంటు అక్కర్లేదు, అనుమానం కూడా అక్కర్లేదు. అడ్డుపడితే అదే వేరే నేరమవుతుంది. భద్రతా, వేధింపా అన్నదానికి మాత్రం ఒక్క ముక్కలో జవాబు లేదు. 2021 నుంచి హ్యూస్టన్ దగ్గరి కెమాలో నాకూ ఒక 24 అడుగుల పాత బోటు ఉంది. ఇప్పటికి రెండుసార్లు ఎక్కారు. మొదటిసారి మా ప్రయాణం అక్కడితో ఆగిపోయింది. రెండోసారి పావుగంటలో వెళ్లిపోయారు.

మొదటిది 2022 మే నెలాఖరులో, మెమోరియల్ డే సెలవుల్లో. అమ్మ ఇండియా నుంచి వచ్చి మూడు వారాలైంది. మాది సఖినేటిపల్లి. నరసాపురం వెళ్లాలంటే పంటు మీద గోదావరి వశిష్ఠ పాయ దాటడమే ఆవిడకి తెలిసిన నీటి ప్రయాణం. డాల్ఫిన్లు చూపిస్తానని అమ్మనీ, మా ఆవిడనీ, పిల్లలిద్దరినీ ఎక్కించుకుని పొద్దున్నే బయల్దేరాను. గాల్వెస్టన్ జెట్టీలు (రేవు ముఖద్వారం దగ్గర సముద్రంలోకి కట్టిన రాతి గోడలు) దాటి సముద్రం వైపు తిరిగామో లేదో, వెనక నుంచి నారింజ రంగు బోటు నీలం లైటు వెలిగించుకుంటూ పక్కకి వచ్చింది. వేగం తగ్గించి అలాగే నేరుగా వెళ్లమన్నారు. మొదటి ప్రశ్న: "బోటులో ఆయుధాలేమైనా ఉన్నాయా?" లేవన్నాను. నడుముకి తుపాకులతో ఇద్దరు కుర్రాళ్లు ఎక్కారు. పాతికేళ్లు కూడా ఉండవు.

అమ్మ నా చొక్కా పట్టుకుంది. "ఏం చేశావురా? పోలీసులెందుకొచ్చారు?" అని ఒకటే అడగడం. ఆవిడకి సర్దిచెబుతూనే కాగితాల కోసం సీటు కింద చెయ్యి పెట్టాను. "సర్, ఆగండి. ఎక్కడున్నాయో చెప్పండి, ఆ తర్వాత తీయండి" అన్నాడు ఒకతను. గొంతు పెంచలేదు గానీ, నాకు వెన్ను జలదరించింది. ఇది గుర్తు పెట్టుకోండి. వాళ్లు ఎక్కాక ఏ పెట్టె తెరవాలన్నా, ఏ అర తీయాలన్నా ముందు నోటితో చెప్పి, తర్వాతే చెయ్యి పెట్టాలి. టెక్సాస్‌లో చాలా బోట్లలో తుపాకీ ఉంటుంది, వాళ్ల భయం వాళ్లది.

ఒకతను మావాళ్ల దగ్గర నిలబడ్డాడు. రెండో అతను నాతో తిరిగాడు. రిజిస్ట్రేషన్ కాగితంలోని నంబరూ, బోటు వెనక చెక్కి ఉన్న నంబరూ ఒకటేనా అని చూశాడు. ఇంజిన్ కింద నీళ్లూ పెట్రోలూ చేరాయేమోనని టార్చి వేశాడు. తర్వాత లైఫ్ జాకెట్లు అడిగాడు. పిల్లలు వేసుకునే ఉన్నారు. పెద్దవాళ్లవి ముందు అరలో, కొన్నప్పటి ప్లాస్టిక్ సంచుల్లోనే ఉన్నాయి, పైన లంగరు తాడు చుట్టి. అవి బయటికి తీయడానికి నాకు మూడు నిమిషాలు పట్టింది. అతను ఏమీ అనకుండా వాచీ చూసుకున్నాడు. మనిషికొకటి ఉంటే చాలదు, చటుక్కున చేతికందాలన్నది నిబంధన. ఆ మూడు నిమిషాల్లో బోటు తిరగబడితే అమ్మ గతేమిటని అప్పుడు మొదటిసారి ఆలోచించాను.

ఫ్లేర్లు (ఆపదలో సంకేతంగా కాల్చేవి) అడిగితే పాత యజమాని ఇచ్చిన డబ్బా తీశాను. వాటి గడువు 2017లోనే అయిపోయింది. తయారైన 42 నెలలకి అవి లెక్కలోకి రావు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చూపించాను, ముల్లు పచ్చగీత మీదే ఉంది. అతను దాన్ని తిరగేసి అడుగున అచ్చుపోసిన అంకెలు చూపించాడు: 08. అంటే 2008లో తయారైనది. మళ్లీ నింపడానికి వీల్లేని రకం ఎక్స్‌టింగ్విషర్లు తయారైన 12 ఏళ్ల తర్వాత చెల్లవన్న నిబంధన 2022 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చింది. నేను దొరికింది ఐదు వారాలు దాటాక. బోటులో ఉన్నది అదొక్కటే.

"ఇవాళ సముద్రంలోకి పంపించలేను సర్" అన్నాడు. హెచ్చరిక రాసి, తనిఖీ ఫారం నకలు చేతిలో పెట్టి, మేం జెట్టీల లోపలికి వచ్చేదాకా వెనకే వచ్చారు. చిన్నవాడు డాల్ఫిన్ల కోసం దారంతా ఏడ్చాడు. అమ్మ ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

ఆ రాత్రి నాకు కోపంతో నిద్ర పట్టలేదు. ఇంత అధికారం వీళ్లకి ఎవరిచ్చారని చట్టం వెతికాను. అమెరికా ఫెడరల్ చట్టాల్లో 14వ టైటిల్, 522వ సెక్షన్. అమెరికా పరిధిలోని ఏ నౌకనైనా ఆపి, ఎక్కి, తనిఖీ చేయొచ్చని అందులో ఉంది. మూలం ఇంకా పాతది. అలెగ్జాండర్ హామిల్టన్ ఖజానా మంత్రిగా ఉండగా, సుంకాలు ఎగ్గొట్టే ఓడల్ని పట్టుకోవడానికి 1790 ఆగస్టు 4న పది పడవల దళం ఒకటి పెట్టడానికి చట్టం చేశారు. నేటి కోస్ట్ గార్డ్ పుట్టుక అదే. ఓడలెక్కి చూసే అధికారం ఆనాటి చట్టంలోనే రాసుంది. రోడ్డు మీద కారుని ఊరికే లైసెన్సు చూద్దామని ఆపకూడదని 1979లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే కోర్టు 1983లో విల్లమోంటే-మార్కెజ్ కేసులో, సముద్రానికి దారి ఉన్న నీళ్లలో బోటుని మాత్రం కాగితాల కోసం కస్టమ్స్ వాళ్లు అనుమానం లేకుండా ఎక్కొచ్చంది. నీళ్ల మీద రోడ్లలాగా చెక్‌పోస్టులు పెట్టలేం, బోటు కాగితాల సంగతి కారు నంబరు ప్లేటు చూసినంత తేలిక కాదు, ఇవీ కోర్టు చెప్పిన కారణాలు. జస్టిస్ బ్రెనన్ ఒప్పుకోలేదు. ఆయన అసమ్మతి తీర్పు చదివితే మీ మరీనాలో వినిపించే గొణుగుడుకి గట్టి ఆధారమే ఉందని తెలుస్తుంది.

మా రేవులో ఒక పెద్దాయన తెరచాప బోటులోనే కాపురం ఉంటారు. లంగరు వేసుకుని పడుకున్న మనిషిని అర్ధరాత్రి లేపి, బూట్లతో లోపలికి రావడమేమిటన్నది ఆయన బాధ. "ఇది నా ఇల్లు. నేలమీద ఇంటికి ఉన్న తలుపు నా ఇంటికి లేదా?" అంటారు. నేను ఆయన పక్షమే. అనుమానం లేనప్పుడు, లంగరు వేసి నిద్రపోతున్న బోటుని రాత్రిపూట ఎక్కకూడదని చట్టం మారాలి. పగలు కూడా పిల్లలూ పెద్దలూ జాకెట్లు వేసుకుని, ఆ ఏడాది సేఫ్టీ స్టిక్కరు (దాని సంగతి కింద చెబుతాను) అతికించుకుని వెళ్తున్న బోటుని పక్కనుంచి పలకరించి, చూపించమన్నవి చూసి వదిలేయొచ్చు. ఎక్కాల్సిన పని చాలాసార్లు ఉండదు. ఈమాట నా రెండో తనిఖీకి వచ్చినవాళ్లతో కూడా అన్నాను. శాంతంగా విన్నారు.

అయితే తనిఖీలే వద్దంటే నేనొప్పుకోను. నేను గోదావరి ఒడ్డున పెరిగినవాణ్ణి. చిన్నప్పుడు మా పంటు మీద సైకిళ్లు, మేకలు, కొబ్బరికాయల బస్తాలు, మనుషులు అందరం కలిసే దాటేవాళ్లం. లైఫ్ జాకెట్ ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. సరంగు మీద నమ్మకం, గోదారమ్మకి ఒక దణ్ణం, అంతే. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. డెబ్బై మందికి పైగా ఎక్కితే సగానికి పైగా తిరిగి రాలేదు. భోజనాల వేళకి చాలామంది జాకెట్లు తీసేశారని బయటపడ్డవాళ్లు చెప్పారు. అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబరులో, కృష్ణా గోదావరి కలిసే పవిత్ర సంగమం దగ్గర ఇంకో బోటు. ఆ రెండు రోజులూ నేనిక్కడ ఫోను పట్టుకుని కూర్చున్నాను. బయల్దేరకముందే రేవులో ఎవరో ఒకరు నిలబడి, మనుషుల్ని లెక్కపెట్టి, జాకెట్లు వేయించి, వరద ఉంది పొమ్మని వెనక్కి పంపితే బాగుండేదని ఎంతమందిమి అనుకున్నాం! ఆ రోజు జెట్టీల దగ్గర నన్ను వెనక్కి పంపిన కుర్రాడు చేసింది అదే పని. నా కోపం చల్లారడానికి వారం పట్టింది. చల్లారాక ఆ లెక్క నాకు తేటగా కనపడింది.

అమెరికాలోనూ తేడా ఏమీ లేదు. కోస్ట్ గార్డ్ లెక్కల ప్రకారం 2023లో సొంత సరదా బోట్ల ప్రమాదాల్లో 564 మంది చనిపోయారు. కారణం తెలిసిన చావుల్లో నాలుగింట మూడొంతులు నీట మునిగినవే. అలా మునిగినవాళ్లలో 87 శాతం మంది జాకెట్ వేసుకోలేదు.

ఇప్పుడు అసలు ఉపాయం. కోస్ట్ గార్డ్ ఆక్సిలరీ అని స్వచ్ఛంద కార్యకర్తల సంస్థ ఉంది. వాళ్లని పిలిస్తే మీ రేవుకే వచ్చి, ఉచితంగా వెసెల్ సేఫ్టీ చెక్ చేస్తారు. లోపం కనిపిస్తే జరిమానా ఉండదు, ఎవరికీ ఫిర్యాదు వెళ్లదు. ఏం కొనాలో కాగితం మీద రాసిస్తారు, అంతా బాగుంటే ఆ ఏడాది స్టిక్కరు ఇస్తారు. స్టిక్కరు ఉంటే ఆపరని కాదు. కానీ వాళ్లు అడగబోయేవన్నీ మీరు ముందే ఒకసారి చూపించి ఉంటారు. నేను ఆ జూన్‌లోనే పిలిచాను. ఒక రిటైరైన టీచరమ్మ వచ్చారు, గంటసేపు ఓపిగ్గా చెప్పారు. కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకోవాలన్న సంగతి కూడా నాకు ఆవిడే చెప్పారు. 26 అడుగుల లోపు బోట్లకి 2021 ఏప్రిల్ నుంచి వేగంగా వెళ్లేటప్పుడు అది తప్పనిసరి. నడిపేవాడు నీళ్లలో పడితే ఇంజిన్ ఆగిపోవాలి కదా, లేకపోతే బోటు గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది.

రెండో తనిఖీ 2024లో, గాల్వెస్టన్ బేలోని రెడ్‌ఫిష్ ఐలండ్ దగ్గర. ఈసారీ అమ్మ ఉంది. జాకెట్లు అందరి ఒంటిమీదే ఉన్నాయి. కాగితాలు, ఫ్లేర్లు, విజిల్ ఒకే పసుప్పచ్చ డబ్బాలో స్టీరింగ్ పక్కన ఉన్నాయి. "ఆ డబ్బా తెరుస్తున్నాను" అని చెప్పి తెరిచాను. ఎక్స్‌టింగ్విషర్ వాళ్లు అడగకముందే తిరగేసి చూపించాను. పాత ఫారం నకలు కూడా ఇచ్చాను, చదివి నవ్వారు. కిందటిసారి నా చొక్కా పట్టుకున్న అమ్మ ఈసారి పులిహోర డబ్బా మూత తీసి వాళ్ల ముందుకి చాపింది. డ్యూటీలో తినకూడదని చెప్పి దణ్ణం పెట్టారు.

మనవాళ్లు ఎక్కువగా అడిగే సంగతి ఇంకొకటుంది. గుర్తింపు కాగితాలు అడుగుతారా? నన్ను రెండుసార్లూ అడిగారు, డ్రైవింగ్ లైసెన్సు చూసి ఇచ్చేశారు. అయినా గ్రీన్ కార్డు ఉన్న 18 ఏళ్లు దాటినవాళ్లు కార్డు వెంట ఉంచుకోవాలన్నది చట్టం. చుట్టపుచూపుగా వచ్చిన తల్లిదండ్రుల పాస్‌పోర్టూ ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు చూపే) కాగితమూ నీళ్లు చొరని సంచిలో పెట్టుకుని వెళ్లండి. ఇంట్లో వదిలి రావద్దు. పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, ఇలా వస్తారు, చూసి పోతారు, భయపడక్కర్లేదని. నేను చెప్పకపోవడం వల్లే మా అమ్మ ఆ రోజంతా వణికింది.

ఇంకో మాట. భద్రత సామాను చూపించడం వేరు, మీ సంచులు విప్పి చూస్తామనడం వేరు. రెండోదానికి అనుమతి అడిగితే "ఒప్పుకోనండి" అని మర్యాదగా చెప్పొచ్చు. చెప్పాక మాత్రం చేతులు అడ్డం పెట్టకండి, ఏదైనా ఉంటే తర్వాత లాయరుతో చూసుకోవాలి. బీరు సీసాలుంటే ఉండనివ్వండి గానీ నడిపేవాడు ముట్టకూడదు. నీళ్ల మీద కూడా రక్తంలో మద్యానికి హద్దు 0.08 శాతమే, ఎండలో అది త్వరగా తలకెక్కుతుంది. గడువు తీరిన ఫ్లేర్లని సరదాకి కాల్చి చూడకండి, ఎవరో ఆపదలో ఉన్నారనుకుని జనం బయల్దేరతారు. అదనంగా దాచుకోవచ్చు, లెక్కలోకి మాత్రం రావు.

మీ బోటు పొడవెంతో, ఏ సంవత్సరం మోడలో కింద రాయండి. 2018 నుంచి వచ్చిన మోడళ్లకి ఎక్స్‌టింగ్విషర్ రేటింగు వేరు, 26 అడుగులో, అంతకు పైనో ఉంటే నూనె, చెత్త గురించిన పలకలు కూడా అతికించాలి. మీకేం కావాలో చూసి చెబుతాను. ఈలోగా మీ ఎక్స్‌టింగ్విషర్ ఒకసారి తిరగేసి అడుగున ఏ అంకెలున్నాయో చూడండి.