లాంగ్ క్యూటీ (ప్రతి స్పందన తర్వాత గుండె విద్యుత్‌పరంగా మళ్లీ సిద్ధమవడానికి ఎక్కువ సమయం తీసుకునే జబ్బు) ఉన్నవాళ్లు స్పృహ తప్పితే ప్రతిసారీ గుండె వల్లేనా?

కాదు. ఎండలో చాలాసేపు నిలబడ్డప్పుడో, రక్తం చూసినప్పుడో అందరిలాగే వాళ్లకూ కళ్లు తిరగొచ్చు. కాకపోతే ఆ మాట తేల్చాల్సింది డాక్టరు, ఇంట్లోవాళ్లు కాదు.

నా దృష్టిలో స్కానింగుల కన్నా ముందు కావాల్సింది పక్కనున్నవాళ్లు చెప్పే వివరం. పడేముందు వికారం, చెమటలు, కళ్ల ముందు చీకట్లు ఉంటే బీపీ పడిపోయి ఉండొచ్చు. ఏ సూచనా లేకుండా పరుగెడుతూనో, ఈదుతూనో కుప్పకూలితే అనుమానం గుండె మీదికే వెళ్తుంది. లాంగ్ క్యూటీలో రకాలున్నాయి: టైప్ 1 వాళ్లకు ఎక్కువగా శ్రమలో, ముఖ్యంగా ఈతలో వస్తుంది. టైప్ 2 వాళ్లకు పొద్దున్నే అలారం గట్టిగా మోగినా చాలు. టైప్ 3లో ఎక్కువగా నిద్రలోనో, విశ్రాంతిలోనో. కాళ్లూ చేతులూ కొట్టుకుంటే ఫిట్స్ అనుకుని ఏళ్ల తరబడి ఆ మందులే వాడినవాళ్లూ ఉన్నారు.

ఈసీజీలో గుండె వేగాన్ని బట్టి సరిచేసిన క్యూటీ సమయం 500 మిల్లీసెకన్లు దాటితే ప్రమాదం ఎక్కువ. అయితే ఒక్కసారి నార్మల్ వచ్చిందని ఊరుకోకూడదు, అది రోజురోజుకూ మారుతుంటుంది. గుండెపై అడ్రినలిన్ ప్రభావాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర మర్చిపోయారా? విరేచనాలతో పొటాషియం తగ్గిందా? దగ్గుకు అజిత్రోమైసిన్, వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి క్యూటీని పెంచే మందులు ఎవరైనా ఇచ్చారా? ఇవన్నీ అడగాలి, మందుల చీటీలు వెంట తీసుకెళ్లండి. అప్పటికీ తేలకపోతే ఛాతీ చర్మం కింద లూప్ రికార్డర్ (గుండె లయను ఎప్పటికప్పుడు నమోదు చేసే చిన్న పరికరం) పెడతారు. ఈలోగా ఒంటరిగా ఈతకు వెళ్లనివ్వకండి.